రెప్పపాటు నివారణ ఉపసంఘం

యాళ్ళ మార్కండేయులు ఇరవయ్యేడేళ్ళ సర్వీసులో చూడనిదాన్ని చూశానని ఒక్కసారి కూడా సంతకం పెట్టలేదు. ఇందులో గొప్పేమీ లేదని, తన ఉద్యోగమే అదని అతను అంటూండేవాడు. రాజమండ్రికి కాస్త ఎడంగా ఉన్న ఉష్ణచర్యా పరిశోధనాలయంలో అతను ఉష్ణసాక్షి. అంటే, అక్కడి బట్టీలో ఏ వస్తువును కాల్చినా, అది నిజంగా కాలిందని కళ్ళారా చూసి, రిజిస్టరులో రాసి, సంతకం చేసే మనిషి.

ఇలాంటి ఉద్యోగం ఒకటి ఎందుకు పుట్టిందంటే దానికో కథ ఉంది. పరిశోధనాలయం పెట్టిన కొత్తలో ఎవరో మహానుభావులు కాల్చని ఇటుకల్ని కాల్చినట్టు రాసేశారు. ఆ ఇటుకలతోనే మొదటి డైరెక్టరుగారికి బంగళా కట్టారు. జూన్‌లో గృహప్రవేశమైంది, జూలైలో వాన పట్టుకుంది. ముందు వంటిల్లు, దాని వెనకాలే స్నానాలగది కరిగి కాలవలో కలిసిపోయాయి. ఆ సమయంలో డైరెక్టరుగారు స్నానాలగదిలోనే ఉన్నారని కొందరూ, వంటింట్లో ఉన్నారని కొందరూ చెబుతారు. ఎక్కడున్నా తడిసిన మాట నిజం. మర్నాడే తొమ్మిదో నియమం వెలువడింది: "సాక్షి కళ్ళారా చూడనిదే, మొదలైన వేళ, ముగిసిన వేళ, నడుమ ప్రతి పావుగంటకు వేడి నమోదు కానిదే, ఏ వస్తువూ వేడెక్కినట్టు పరిగణింపబడదు."

ఆ నియమం చివర చిన్న వెసులుబాటు కూడా పెట్టారు. పొగ కమ్మి బట్టీ కన్నంలోంచి ఏమీ కనపడకపోతే, లోపల వేలెడంత మట్టి శంకువును నిలబెట్టవచ్చు. తగినంత వేడి తగిలితే అది తల వంచుతుంది. బట్టీ చల్లారాక ఆ వంగిన శంకువును సాక్షి చూస్తే చాలు, గడియారంతో పనిలేదు. అయితే శంకువును ఏ కాగితంలో చూపించాలో తోచక, సహాయ సాక్షి అని పేరుపెట్టి ఉద్యోగుల హాజరుపట్టీలో ఎక్కించారు. మార్కండేయులు పేరు కింద వరసలో ఆ గడి ఇప్పటికీ ఉంది. చివరిసారి బట్టీ వెలిగించి తొమ్మిదేళ్ళయింది కనక శంకువుకు రోజూ గైర్హాజరు పడుతోంది.

మార్కండేయులు మాత్రం రోజూ వచ్చేవాడు. వెలగని బట్టీ ముందు స్టూలు మీద కూర్చుని, పావుగంటకోసారి కన్నంలోంచి చూసి, "వేడి లేదు, చూశాను" అని రాసేవాడు. తన పెళ్ళి ముహూర్తం కూడా బట్టీ చల్లారే వేళకు పెట్టించుకున్న మనిషి అతను.

అలాంటి చోటికి డాక్టర్ ఎస్తేరు రాణి వచ్చింది. ఆవిడ పని కరెంటును మోసే ఒకరకం ప్లాస్టిక్కుతో. దాన్ని నీలపు ద్రావణంలా చేసి, పారదర్శకమైన మామూలు ప్లాస్టిక్ రేకు మీద పూత పూస్తుంది. తలవెంట్రుకను నిలువునా వెయ్యి పొరలుగా చీలిస్తే అందులో ఒక పొరంత మందం. పుట్టిన పసికందుల గుండె మీద బొట్టుబిళ్ళలా అంటించి గుండె కొట్టుకోవడం లెక్కపెట్టాలని ఆవిడ ఆశ. కాకపోతే ఆ పూతను గట్టిగా వేడిచేస్తే తప్ప కరెంటు సరిగా పారదు. బట్టీలో పెడితే కింద ఉన్న రేకు ముడుచుకుపోతుంది. అందుకని లేజర్ తెప్పించింది. రేకుకు సంగతి తెలిసేలోపే పూత వేడెక్కి చల్లారిపోతుంది.

లేజర్ రావడానికి రెండేళ్ళు పట్టింది. బిగించడానికి నాలుగు నెలలు. బిగించినాక తొంభై రోజులలోపు రిజిస్టరులో ఒక్క ఉష్ణచర్యయినా పూర్తయినట్టు ఎక్కకపోతే, అది వాడని యంత్రం కింద జమై ప్రధాన కార్యాలయం గిడ్డంగికి పోతుంది. గిడ్డంగికి పోయిన యంత్రం తిరిగి రావడం ఎవరూ చూడలేదు.

అరవై రెండో రోజున ఎస్తేరు మార్కండేయుల్ని పిలిచింది. వీపు ఆనించుకునే కుర్చీ వేసి కూర్చోబెట్టింది. ఇరవయ్యేడేళ్ళలో అతనికి ఎవరైనా వీపున్న కుర్చీ వెయ్యడం అదే మొదలు. ఆ క్షణం నుంచీ ఆవిడంటే అతనికి అభిమానం పుట్టింది, అదే తర్వాత ప్రాణం మీదికి తెచ్చింది.

"ఈ కళ్ళజోడు పెట్టుకోండి బాబాయ్ గారూ. దీని కాంతి కంటికి కనపడదు గానీ కంటిని పాడుచేస్తుంది."

"కనపడని కాంతేంటమ్మా?"

"అదంతేనండి." ఆవిడ పూతరేకును ఇనపపెట్టెలో పెట్టి మూత వేసి మీట నొక్కింది. లోపల ఎక్కడో టిక్కుమంది. "అయిపోయిందండి."

"ఏంటమ్మా అయిపోయింది?"

"వేడిచెయ్యడం. ముందు ఒక్క చుక్క మేర చేశాను."

మార్కండేయులు గడియారం చూశాడు. పది నలభై రెండు. రిజిస్టరులో మొదలైన వేళ పది నలభై రెండు అని రాసి, ముగిసిన వేళ దగ్గర కలం ఆపాడు.

"ఎంతసేపు కాలిందమ్మా?"

"సెకన్ని అయిదొందల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క. రెండొందల డిగ్రీల పైకి వెళ్ళింది."

అతను రేకును వేలితో తాకి చూశాడు. చల్లగా ఉంది. ఆవిడ మీటరు పెట్టి, ఆ చుక్కలో కరెంటు మునుపటికంటే ఎన్ని రెట్లు బాగా పారుతోందో చూపించింది. అతను శ్రద్ధగా చూశాడు.

"కరెంటు బాగా పోతందని రాయమంటే ఇప్పుడే రాసేత్తానండి. అది నేను చూసేను. కాలిందని ఎలా రాయనమ్మా, కాలడం చూళ్ళేదు గదా." అతనికి నిజంగానే బాధేసింది. "మీ మాట మీద నమ్మకం లేక కాదండి. నమ్మకానికి ఈ రిజిస్టర్లో గడి లేదు."

సంగతి డైరెక్టరు విశ్వంభరంగారి దగ్గరికి వెళ్ళడానికి అయిదు రోజులు పట్టింది. ఆయన ఏ విషయాన్నైనా కళ్ళు మూసుకుని వింటారు. విన్నాక తెరవడం మరిచిపోతారు.

"ఆదిమధ్యాంతములు లేని ఉష్ణాన్ని పరిపాలన గుర్తించజాలదు" అన్నారాయన. "కోదండపాణిగారూ, తమరి అభిప్రాయం?"

కోదండపాణి పరిపాలనాధికారి. నియమావళి ఆయనకు కంఠతా వచ్చు, అర్థంతో అంత పరిచయం లేదు. "చిత్తం. ప్రక్రియా కాలం తొమ్మిదో నియమానికి లోబడి లేదు. కనుక నియమాన్ని సవరించుట కన్నా కాలాన్ని సవరించుట సులభం. సెకన్లో అయిదువందలవ వంతును పావుగంటకు పొడిగించవలసిందిగా శాస్త్రవేత్తగారిని కోరవచ్చును."

"పావుగంట పెడితే కన్నం పడుతుందండి" అంది ఎస్తేరు.

"అది ఫలితం. మనం చర్చిస్తున్నది పద్ధతి" అన్నాడు కోదండపాణి.

మర్నాడు పదకొండు గంటలకు అందరూ చేరారు. పెట్టెలో పళ్ళెం కాస్త పల్లంగా ఉందని, ఎత్తుకోసం కోదండపాణి చేతికందిన దళసరి పుస్తకమొకటి దాని కింద దూర్చాడు. ఎస్తేరు మూత వేసి, నిట్టూర్చి, మీట నొక్కింది. పావుగంట తర్వాత మూత సందులోంచి పొగ వచ్చింది. మార్కండేయులు మొహం వెలిగిపోయింది. తొమ్మిదేళ్ళ తర్వాత అతను పొగ చూడటం అదే మొదలు.

మూత తీస్తే పూత లేదు, రేకు నడుమ కన్నం ఉంది. పళ్ళెంలోనూ కన్నం ఉంది. దాని కింద ఉన్నది ఉష్ణచర్యల రిజిస్టరని అప్పుడు తెలిసింది. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా సన్నగా, గుండ్రంగా, ఎంతో పొందికగా చిల్లు పడింది. మార్కండేయులు ఆ చిల్లు తప్పించి పక్కన రాశాడు: "మొదలు పదకొండు. ముగింపు పదకొండుంబావు. పొగ వచ్చింది. వస్తువు లేదు. రిజిస్టరుకు చిల్లు. అన్నీ చూశాను."

"సంతకం బాగానే ఉంది" అన్నాడు కోదండపాణి చదివి. "కానీ వస్తువు లేని ఉష్ణచర్య వరుడు లేని వివాహం వంటిది. పూర్తయినట్టు పరిగణించలేము." అప్పటికి అరవై ఎనిమిదో రోజు.

ఇక్కడితో ఆగి ఉంటే ఒక యంత్రమే పోయేది. కానీ విశ్వంభరంగారికి సమస్య మీద అభిమానం కలిగింది. ఆయన ఎస్తేరును పిలిచి లెక్కలు అడిగారు. అరచేతిలో ఇమిడే పూతరేకుకు నలభై వేల చుక్కలు కొట్టాలని, మొత్తం ఎనభై సెకన్లు పడుతుందని ఆవిడ చెప్పింది. ఆ మాట విన్న డైరెక్టరుగారు కళ్ళు తెరిచారు. ఆయన కళ్ళ రంగు సిబ్బందిలో చాలామందికి ఆ రోజే తెలిసింది.

"అనగా ఒక్కొక్క చుక్కా ఒక్కొక్క ఉష్ణచర్య. మానవుడు నిమిషానికి పదిహేను పర్యాయాలు రెప్పలు వేస్తాడు. ఒక్కొక్క రెప్పపాటులో నూరు ఉష్ణచర్యలు సాక్షి లేక అనాథలుగా జరిగిపోతున్నాయి. మన సంస్థలో ఇంతకాలం ఇది జరుగుతూ ఉండగా మనం రెప్పలు వేస్తూ కూర్చున్నాం."

ఆ సాయంత్రమే రెప్పపాటు నివారణ ఉపసంఘం ఏర్పడింది. కోదండపాణి అధ్యక్షుడు. ఒక్క సాక్షి చాలడు కనక తోటమాలి, టైపిస్టు, డ్రైవరు, క్యాంటీన్ వంటావిడతో కలిపి పదకొండుమందిని అదనపు సాక్షులుగా నియమించారు. మార్కండేయులు ప్రధాన సాక్షి. అతని సంతకం లేనిదే మిగతా పదకొండూ చెల్లవు.

శిక్షణ క్యాంటీన్‌లో ఇచ్చారు. ఉల్లిపాయలు తరుగుతున్న బల్ల చుట్టూ సాక్షుల్ని కూర్చోబెట్టి, ఎవరు ఎంతసేపు రెప్ప వెయ్యకుండా ఉంటారో లెక్కగట్టారు. వంటావిడ ప్రథమ శ్రేణిలో వచ్చింది. తోటమాలి మధ్యలో రెప్ప వేసినందుకు, అనుమతి లేని రెప్పపాటుకు కారణం తెలపాలని మెమో ఇచ్చారు. "దోమ" అని అతను ఒక్క ముక్కలో జవాబు రాశాడు. దోమకు కూడా నకలు పంపాలా అన్నదాని మీద ఫైలు రెండు రోజులు తిరిగింది.

మనిషన్నవాడు ఎనభై సెకన్లు రెప్ప వెయ్యకుండా ఉండలేడని చివరికి ఉపసంఘమే ఒప్పుకుంది. దానికీ మార్గం కనిపెట్టారు. సాక్షుల్ని బేసి, సరి జట్లుగా విడదీశారు. కోదండపాణి ఒక విజిల్ ఊదితే బేసివాళ్ళు రెప్ప వెయ్యాలి, రెండు విజిళ్ళు ఊదితే సరివాళ్ళు. ఏ క్షణమైనా సగం కళ్ళు తెరిచే ఉంటాయి. రెప్పల క్రమపట్టిక టైపు చేసి గోడకు అంటించారు.

ఎస్తేరు ఈ సంబరమంతా చూస్తూ, తేమ తగలకుండా పూతరేకుల్ని డబ్బాలో దాచుకుంటూ వచ్చింది. గోదావరి గాలికి రెండు అప్పటికే చెమ్మగిల్లి పాడయ్యాయి. ఇంకొకటే మిగిలింది.

ఎనభై ఆరో రోజున కార్యక్రమం పెట్టారు. పన్నెండు కుర్చీలు, పన్నెండు కళ్ళజోళ్ళు. కంటికి రక్షణ తప్పనిసరి కనక ఆ కళ్ళజోళ్ళు దట్టమైన ముదురు రంగులో ఉన్నాయి. వాటి గుండా అందరూ మూతవేసిన ఇనపపెట్టె వైపు, అందులో జరగబోయే కనపడని కాంతి కోసం, రెప్పలార్పకుండా చూస్తున్నారు. కోదండపాణి విజిల్ అందుకున్నాడు. ఒకటి, రెండు, ఒకటి, రెండు. ఎనభై సెకన్లు కాగానే ఆపాడు. పదకొండుమందీ వరసగా వెళ్ళి, రిజిస్టరులో చిల్లు పక్కన, "నలభై వేల ఉష్ణచర్యలూ కళ్ళారా చూశాను" అని సంతకాలు చేశారు. వంటావిడ వేలిముద్ర వేసింది.

"ఇంకా మీట నొక్కలేదండి" అంది ఎస్తేరు. "డైరెక్టరుగారు కూర్చున్నాక నొక్కుదామని ఆగాను."

అలవాటుకొద్దీ బేసివాళ్ళు రెప్ప వేశారు.

ముందుగా తేరుకున్నది కోదండపాణి. "సాక్ష్యం సంపూర్ణంగా ఉన్నది. సాక్ష్యం ఉన్నచోట ఉష్ణచర్య జరిగినట్టే భావించాలి. ఇప్పుడు యంత్రాన్ని నడిపితే ఒకే చర్య రెండుసార్లు నమోదయ్యే ప్రమాదమున్నది. ప్రధాన సాక్షి సంతకం చేస్తే యంత్రం ఇక్కడే ఉంటుంది. రావయ్యా మార్కండేయులూ."

మార్కండేయులు లేచాడు. కలం పట్టుకున్నాడు. ఎస్తేరు వైపు చూశాడు. ఆవిడ నేలచూపులు చూస్తోంది. ఒక్క సంతకంతో ఆవిడ రెండేళ్ళ కష్టం నిలబడుతుందని అతనికి తెలుసు.

"నేను చూళ్ళేదండి" అన్నాడు.

"పదకొండుమందికి కనపడింది నీ ఒక్కడికీ కనపడలేదా?"

"నా కళ్ళు అంత మంచివి కాదేమోనండి." కలం కిందపెట్టేసి, బట్టీ దగ్గరికి వెళ్ళి తన స్టూలు మీద కూర్చున్నాడు.

మధ్యాహ్నం ఎస్తేరు అక్కడికి వచ్చి, పక్కన ఇటుకల మీద కూర్చుని క్యారేజీ విప్పింది. పులిహోర సగం మూతలో పెట్టి అతనికిచ్చింది. "మీరు సంతకం పెట్టి ఉంటే యంత్రం ఉండేది బాబాయ్ గారూ. కానీ దాంతో నేను ఏం చేసినా ఆ రిజిస్టరులో అబద్ధం కింద అబద్ధమే పేరుకునేది. బిళ్ళ పసిపిల్ల గుండె మీద పెట్టేది కదా. మీ మీద నాకు కోపం లేదు." కోప్పడి ఉంటే అతనికి సుఖంగా ఉండేది. ఆ రాత్రి అన్నం సయించలేదు. ఆ తర్వాతి మూడు రోజులూ సయించలేదు.

తొంభయ్యో రోజు పొద్దున, ఖాళీ కడుపుతో ఉన్నాడని భార్య పోరితే, కడియం బస్టాండులో పునుగులు కట్టించుకున్నాడు. నూనెలోంచి అప్పుడే తీసినవి. బస్సెక్కి టికెట్టు తీసుకుని, పొట్లం మీద పెట్టి రెండూ కలిపి పట్టుకున్నాడు. దారిలో తనిఖీ ఇన్‌స్పెక్టరు ఎక్కాడు.

"టికెట్టండి."

మార్కండేయులు ఇచ్చాడు. ఇన్‌స్పెక్టరు తిప్పితిప్పి చూశాడు. కాగితం పై సగం మబ్బుపట్టినట్టు నల్లగా ఉంది.

"ఇదేం టికెట్టండి బాబూ. నల్లగుడ్డ ఇచ్చేరు."

"ఇందాకటిదాకా తెల్లగానే ఉందండి. కండక్టరుగార్నడగండి."

"మిషన్ టికెట్టు కదండి, వేడి తగిల్తే నల్లబడిపోద్ది" అన్నాడు కండక్టరు, అతని చేతిలో పొట్లం చూసి. "పునుగులకి ఆనించేరు. చూడండి, పునుగు ఎక్కడుందో అక్కడే గుండ్రంగా పడింది."

మార్కండేయులు టికెట్టు వెనక్కి తీసుకుని చూశాడు. గుండ్రటి నల్లమచ్చలు మూడు. పునుగు కాలడం టికెట్టు చూసింది, చూసినట్టు చెబుతోంది. బట్టీ వెలిగినన్నాళ్ళూ మట్టి శంకువులు అతనికి చెప్పింది ఇదే. పరిశోధనాలయం స్టాపు రాగానే అతను దిగి, యాభై నాలుగేళ్ళ వయసులో, పునుగుల పొట్లంతో సహా పరిగెత్తాడు.

"అమ్మగారండి" అన్నాడు ఆయాసపడుతూ, "మీ పూతని బోర్లా తిప్పి, ఈ కాగితానికి ఆనించి కొడితే?"

ఎస్తేరు టికెట్టునూ అతన్నీ మార్చి మార్చి చూసింది. రేకు ఎటూ పారదర్శకమే, లేజర్ దాని గుండా పోతుంది. పూత వేడెక్కితే దానికి ఆనుకున్న కాగితానికి ఆ వేడి తగులుతుంది. ఆవిడ టికెట్టు కింది సగం, తెల్లగా మిగిలినది, పూతకు ఆనించి పెట్టెలో పెట్టింది. మూత వేసే ముందు ఆ తెల్లదనాన్ని మార్కండేయులు కళ్ళారా చూశాడు. ఆవిడ మీట నొక్కింది. ఎనభై సెకన్లు. అతను హాయిగా రెప్పలు వేస్తూ కూర్చున్నాడు.

మూత తీస్తే టికెట్టు కింది సగంలో నల్లటి చదరం. దగ్గరగా చూస్తే చుక్క చుక్కా విడిగా ఉంది, ఒక్కటీ తప్పలేదు. పూత నీలంగా, నిబ్బరంగా ఉంది. మీటరు పెడితే కరెంటు పరుగు తీసింది. మార్కండేయులు కళ్ళు తుడుచుకుని, "చూసేనమ్మా" అన్నాడు.

సంతకం అయింది. కోదండపాణి ఒప్పుకోలేదు. "వెసులుబాటు శంకువుకు మాత్రమే. ఇది చదరం. పైగా సహాయ సాక్షి అనగా హాజరుపట్టీలో ఉన్న ఉద్యోగి. ఈ టికెట్టు మన ఉద్యోగి కాదు."

"అయితే నియమించండి" అన్నారు విశ్వంభరంగారు కళ్ళు మూసుకునే. "తాత్కాలికంగానే. సహాయ సాక్షి పదవి ఖాళీగానే ఉన్నది కదా."

సాయంత్రం అయిదింటికి గడువు. కోదండపాణి ఫైలు తెరిచాడు. అభ్యర్థి జననకాలం ఆ ఉదయం ఏడు నలభై అని దాని మీదే, నల్లమచ్చల సందులో, అచ్చై ఉంది. సిబ్బందిలో మరెవరికీ అంత కచ్చితమైన జనన ధ్రువీకరణ లేదు. ఉద్యోగానికి పద్దెనిమిదేళ్ళు నిండాలి కనక వయోపరిమితి సడలించారు. దృష్టి పరీక్షలో నలభై వేల చుక్కలు చూసినట్టు రుజువైంది, రెప్పలు లేవని ప్రత్యేక అర్హతగా రాశారు. నాలుగు గంటలకు ఉత్తర్వు వచ్చింది. శంకువు గడిలో, తొమ్మిదేళ్ళ తర్వాత, హాజరు పడింది. లేజర్ నిలిచింది.

అప్పుడు కోదండపాణికి దాని మీద ఇంకో మాట కనపడింది. టికెట్టు ఆ రోజుకే చెల్లుతుంది. అంటే ఆఫీసు మూసేవేళకు పదవీ విరమణ. పదవీ విరమణ చేసే ఏ ఉద్యోగికైనా వీడ్కోలు సభ జరపాలని ముప్పయ్యొకటో నియమం.

అయిదింటికి సభ మొదలైంది. పళ్ళెంలో టికెట్టు. దాని మెడ ఎక్కడో తెలియక దండ పళ్ళేనికి వేశారు. ఇంతటి నిశిత దృష్టిగల ఉద్యోగిని సంస్థ మళ్ళీ చూడబోదని విశ్వంభరంగారు అరగంట మాట్లాడారు. రేపు పొద్దున బస్సులో మరొకటి వస్తుందన్న సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. ముందు వరసలో పదకొండుమంది అదనపు సాక్షులు కూర్చున్నారు.

"విరమిస్తున్నవారి పైఅధికారి రెండు మాటలు చెప్పవలసింది" అన్నాడు కోదండపాణి.

మార్కండేయులు లేచి నిలబడ్డాడు. సభలో మాట్లాడటం అతనికి అలవాటు లేదు. ఎస్తేరు వైపు చూశాడు, పళ్ళెం వైపు చూశాడు, గొంతు సవరించుకున్నాడు.

"ఒక్కపూటే పనిచేసిందండి. కానీ మీట నొక్కకముందు, ఏమీ చూళ్ళేదు."

కూర్చున్నాడు. కాసేపటికి పదకొండుమందీ చప్పట్లు కొట్టారు, బేసివాళ్ళు ముందు, సరివాళ్ళు తర్వాత.